ప్లేట్‌లెట్లు కాదు, పొర సంగతి

వానాకాలం ముదిరితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఆవరణలో ఎక్కువగా వినబడే ప్రశ్న ఒకటే: "ప్లేట్‌లెట్లు ఎన్నున్నయి సార్?" ములుగు, ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చినోళ్లూ అదే అడుగుతారు, హన్మకొండ వాళ్లూ అదే అడుగుతారు. లక్షన్నర నుంచి ఎనభై వేలకు దిగిందనగానే బొప్పాయి ఆకుల కోసం ఒకరు, కివీ పండ్ల కోసం ఇంకొకరు పరుగు. కానీ డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల లోపలి పొర, ఎండోథీలియం. ఒక్క కణం మందముండే ఆ పొర సందులిచ్చి రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. అదీ జ్వరం తగ్గింది, ఇంటికి పోదామనుకునే వేళకు. దాని పనితీరు చెప్పే అంకె మాత్రం ల్యాబ్ కాగితంలో ఉండదు. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, పెరిగిందా అని చూసి పోల్చుకోవాల్సిందే.

1865లో విల్‌హెల్మ్ హిస్ దానికి పేరు పెట్టాక కూడా వందేళ్లకు పైగా చాలామంది దాన్ని గొట్టానికి కుట్టిన అస్తరులాగే చూశారు. 1910 ప్రాంతంలో రుంపెల్, లీడె అనే జర్మన్ వైద్యులు స్కార్లెట్ జ్వరం రోగుల చేతికి పట్టీ బిగించి, చర్మం మీద లేచే ఎర్ర చుక్కలను గమనించారు. డెంగీకి వాడే టోర్నికే పరీక్ష అక్కడి నుంచి వచ్చిందే. బీపీ పట్టీని పై అంకెకూ కింది అంకెకూ నడిమధ్య 5 నిమిషాలు నిలిపి, అంగుళం చదరంలో చుక్కలు లెక్కపెడతారు. పది గానీ అంతకు మించి గానీ ఉంటే అనుమానించాలి. అయితే ఇందులో ప్లేట్‌లెట్ల పాత్రా ఉంది, పొర ఒక్కదాని సంగతే తేలదు.

అసలు మలుపు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వచ్చింది. కుందేలు బృహద్ధమని ముక్క మీద ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం వేస్తే అది బిగుసుకోవడమే శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూస్తూ వచ్చాడు. 1978లో ప్రయోగశాల సహాయకుడి పొరపాటు వల్ల అలాంటి ముక్క వదులైంది. తరచి చూస్తే, ముక్క కోసేటప్పుడు లోపలి వైపు రాచుకుపోతే బిగుసుకుంటోంది, పొర చెక్కు చెదరకపోతే వదులవుతోంది! పొర గీకేసిన ముక్కకు పొర ఉన్న ముక్కను ఆనించి చూస్తే అదీ వదులైంది. అంటే పొర ఏదో పదార్థం వదులుతోంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అని 1980ల చివరికి తేలింది. 1998లో ఇగ్నారో, మురాద్‌లతో కలిపి ఫర్చ్‌గాట్‌కు నోబెల్ వచ్చింది.

1992లో సెలెర్‌మేజర్ అనే వైద్యుడి బృందం మళ్లీ పట్టీ దగ్గరికే వచ్చింది. ముంజేతికి 5 నిమిషాలు బిగించి వదిలితే రక్తం ఒక్కసారిగా దూకుతుంది. పొర బాగుంటే మోచేతి పైన ధమని కాస్త వెడల్పవుతుంది, దాన్ని అల్ట్రాసౌండ్‌లో కొలవొచ్చు. రక్తనాళాల ఆపరేషన్‌కు ముందు 187 మందిని ఇలా కొలిచి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ధమని తక్కువ విచ్చుకున్నవాళ్లకే తర్వాత గుండె చిక్కులు ఎక్కువగా వచ్చాయి.

మరి ఐసీయూలో ఎందుకు చేయరు? ధమని వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల చిల్లర. తేడా చూస్తే మిల్లీమీటరులో పదో వంతుల లెక్క. పరగడుపున ఉండాలి, గది నిశ్శబ్దంగా ఉండాలి, తర్ఫీదైన చెయ్యి ఉండాలి. రక్తపోటు పడిపోయి షాక్‌లో ఉండి, దాన్ని నిలబెట్టే నోరాడ్రినలిన్ మందు ఎక్కుతున్న మనిషి దగ్గర ఇవేవీ కుదరవు. పొర మీది జిగురు పూత ఊడినప్పుడు రక్తంలో కనబడే సిండెకాన్-1 లాంటివీ ఎక్కువగా పరిశోధనలకే పరిమితం.

అందుకే డాక్టర్లు వేలి కొసనే నమ్ముకుంటున్నారు. గాజు పలకతో 10 సెకన్లు నొక్కి వదిలితే 3 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే సెప్టిక్ షాక్‌లో ఈ గుర్తును బట్టి వైద్యం నడిపితే ఎలా ఉంటుందో 2019లో లాటిన్ అమెరికాలో 424 మంది మీద చూశారు. రక్తంలో లాక్టేట్ అనే ఆమ్ల పదార్థం ఎంతుందో చూసి నడిపినవాళ్లలో 43.4 శాతం, వేలు చూసి నడిపినవాళ్లలో 34.9 శాతం చనిపోయారు. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పే గణాంకాల గీటును మాత్రం వెంట్రుకవాసిలో దాటలేదు.