ఎక్కువ పెట్రోలు పోస్తే ఇంజిన్ క్షేమమేనా? ట్యూనింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: గాలి-పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు ఎంత ఎక్కువగా ఉంటే ఇంజిన్‌కు అంత మంచిది.

జయపురం, కోరాపుట్, రాయగడల నుంచి టర్బో వేయించిన కార్లు తెచ్చేవారి నోట నేను తరచుగా వినే మాట ఇది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పూర్తి బూస్ట్ (టర్బో గాలిని నెట్టే అదనపు పీడనం) మీద ఉన్న టర్బో ఇంజిన్‌ను లాంబ్డా (లోపలికి వెళ్లిన గాలికి, ఆ ఇంధనం పూర్తిగా కాలడానికి కావలసిన గాలికి ఉన్న నిష్పత్తి; 1 కంటే తక్కువైతే ఇంధనం ఎక్కువని అర్థం) 0.80 దరిదాపుల్లో నడిపితే దహన వేడి అదుపులో ఉండి, నాకింగ్ (మిశ్రమం వేళకాని వేళ తనంతట తానే పేలడం) ముప్పు తగ్గుతుంది. అంతకు మించి పోసిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలచబరుస్తుంది. డిప్‌స్టిక్ తీసినప్పుడు పెట్రోలు వాసన గుప్పున వస్తే, మరేదీ ముట్టుకోకముందే ఇంధన మ్యాపును (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికను) సరిచేయాలి.

అపోహ: గాలి-ఇంధన నిష్పత్తి మీటరులో 14.7 కనిపిస్తోంది కాబట్టి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో కూడా మిశ్రమం మారలేదు.

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఇథనాల్ కలవని పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలి; ఇ20కి సుమారు 13.5 పాళ్లే చాలు. అంటే అదే గాలికి ఇంధనం దాదాపు 9 శాతం ఎక్కువ పట్టాలి. పొగగొట్టంలోని వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ కొలిచేది లాంబ్డానే, దానిని 14.7తో గుణించి తెరపై చూపేది మీటరు. అందువల్ల ఏ ఇంధనం పోసినా లాంబ్డా 1 దగ్గర అది 14.7 అనే చెబుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఆక్సిజన్ సెన్సార్‌ను చూసి తనంతట తానే దిద్దుకుంటుంది. చాలా కార్లలో పూర్తి థ్రాటిల్ దగ్గర ఆ దిద్దుబాటు ఉండదు, సరిగ్గా అక్కడే పాత మ్యాపు లీన్ అవుతుంది, అంటే ఇంధనం చాలదు. దయచేసి మీటరును లాంబ్డాలోకి మార్చుకోండి.

అపోహ: ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే నాజిల్) చాలకపోతే రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం) పీడనం పెంచితే సరిపోతుంది.

పీడనాన్ని 3 బార్ నుంచి 4 బార్‌కు పెంచితే ప్రవాహం మూడో వంతు పెరగదు, వర్గమూలం లెక్కన 15 శాతమే పెరుగుతుంది. పైగా పీడనం పెరిగేకొద్దీ పంపు అందించే పెట్రోలు తగ్గుతుంది. 6000 ఆర్‌పీఎం వద్ద ఒక దహన చక్రానికి (ఇంజిన్ రెండు చుట్లకు) ఉండేది 20 మిల్లీసెకన్లే; లాగ్‌లో (ఈసీయూ నమోదు చేసిన రికార్డులో) ఇంజెక్టర్ 17 మిల్లీసెకన్లు తెరిచి ఉన్నట్టు కనిపిస్తే అది ఉన్న సమయంలో 85 శాతానికి చేరిందన్నమాట, పెద్ద ఇంజెక్టర్లు అవసరమే.

అపోహ: సాలూరు నుంచి కోరాపుట్ వైపు సుంకి ఘాట్ ఎక్కేవారికి వేరే మ్యాపు కావాలి.

కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ గాలి పీడనం దాదాపు పదో వంతు తక్కువ. మ్యాప్ (ఎంఏపీ) సెన్సార్ ఉన్న వ్యవస్థ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) పీడనాన్ని నేరుగా కొలుస్తుంది కాబట్టి ఇంధన మ్యాపును తిరగరాయనక్కరలేదు. కేవలం థ్రాటిల్ కోణాన్ని చూసి ఇంధనం లెక్కగట్టే ఈసీయూలకు మాత్రం వాతావరణ పీడన సవరణ తప్పనిసరి. అది సరిగా ఉన్నదీ లేనిదీ తేల్చడానికి ఒకే గేరులో, ఒకే ఆర్‌పీఎంలో, ఒకే థ్రాటిల్‌తో కింద ఒక లాగ్, పైన ఒక లాగ్ తీసి లాంబ్డాను పోల్చితే చాలు. ఇది తక్కువ థ్రాటిల్‌లో చేసే పరిశీలన మాత్రమే. లారీలు బారులు తీరే ఆ మలుపుల్లో పూర్తి థ్రాటిల్ పరీక్షలు ఎవరూ చేయకూడదు, అవి డైనో (కారును నిలిపి ఉంచి శక్తిని కొలిచే యంత్రం) మీదనే జరగాలి.