మిద్దె మీద చవుడు, చేలో ఊడలు

రాయలసీమ పాత ఊళ్లలో ఇళ్ల కప్పులు చూస్తే అక్కడి వాతావరణం సగం అర్థమైపోతుంది. కోస్తాలో తాటాకిల్లయినా పెంకుటిల్లయినా కప్పు వాలుగా ఉంటుంది. వాననీళ్లు గబగబా జారిపోవాలి కదా. సీమలో పాతవి చాలావరకు మట్టి మిద్దెలు. దూలాలు, దంతెలు పరిచి, పైన మందంగా మట్టి కొట్టి, ఆఖరున చవుడు వేస్తారు. కప్పు దాదాపు చదునుగానే ఉంటుంది. చవుడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, నీళ్లు కిందికి దిగవు. పంటకు పనికిరాని మట్టి ఇంటికి గొడుగైందన్నమాట. వానలకు ముందు కొత్త చవుడు తెచ్చి మిద్దె మీద పరుచుకోవడం మామూలు పని. వెలుతురు కోసం కప్పులో గవాచి ఉంటుంది, చినుకు పడితే మూత పెట్టేస్తారు.

వానలు దంచికొట్టే చోట ఇలాంటి ఇల్లు నిలవదు. ఇక్కడ నిలిచింది. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. అక్కడికి నైరుతిగా 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్ణాటకలోని ఆగుంబెలో అది 7,000 దాటుతుంది. ఆగుంబె ఉన్నది పడమటి కనుమల మీద. అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి కొండ ఎక్కుతూ చల్లబడి, తేమలో చాలా భాగం అక్కడే కురిపించేస్తుంది. ఇటు దిగేటప్పుడు అదే గాలి వేడెక్కి, మబ్బులు విడిపోతాయి. దీన్నే వర్షచ్ఛాయ అంటారు. ఈశాన్య రుతుపవనాలేమో తూర్పు తీరాన్ని తడిపి, కొండలు దాటి ఇక్కడికి చేరేసరికి నీరసపడతాయి. పైగా ఎండ. పడే వానకు దాదాపు మూడు రెట్ల నీటిని ఆవిరి చేయగల ఎండ ఇది. ఆ ఎండను కరెంటుగా మార్చుకోవడానికే కర్నూలు దగ్గర ఓర్వకల్లు ప్రాంతంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు, 2017లో.

అయితే అసలు టెన్షన్ వాన ఎంత పడుతుందన్నది కాదు, ఎప్పుడు పడుతుందన్నది. వేరుశనగ చేను చూడండి. పసుపు పువ్వు పైన పూస్తుంది, కాయ మాత్రం మట్టిలో కాస్తుంది. పువ్వు వాడిపోయాక అండాశయం అడుగుభాగం సూదిలా సాగి, నేలవైపు వంగుతుంది. రైతులు దీన్ని ఊడ అంటారు. ఊడ మట్టిలోకి దిగి, చీకటి తగిలాకే కాయ ఊరడం మొదలవుతుంది. ఆ రోజుల్లో పైమట్టి గుల్లగా, తడిగా ఉండాలి. అనంతపురం ఎర్రనేలలు గ్రానైటు జాతి రాళ్లు అరిగి ఏర్పడినవి. లోతు తక్కువ, తడి ఆగదు. సరిగ్గా అప్పుడే రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే పైపొర గట్టిపడిపోయి ఊడలు దిగవు. తర్వాత కుంభవృష్టి కురిసినా పోయిన కాయ తిరిగి రాదు. ఆ ఏడు లెక్కల్లో వర్షపాతం సాధారణమనే ఉంటుంది, రైతింట్లో మాత్రం బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఉండవు. ఏడాది సగటు చూసి సీమ సేద్యం గురించి తీర్పు చెప్పడం అన్యాయమని నేనంటాను.

కురిసిన నాలుగు రోజుల నీటినే పట్టి దాచుకోవడం ఇక్కడివాళ్లు ఎప్పుడో నేర్చారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు గురించి అది చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో చెక్కించారు. కట్ట ఊటెత్తడం ఒక దోషం. చెరువు మధ్యలో మిట్ట ఉండటం ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో కట్టడం ఇంకొకటి. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువైనా దోషమే, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువైనా దోషమే.

మిగిలిన దోషం చవుటి నేల. మిద్దెను కాపాడిన గుణమే ఇక్కడ చేటు చేస్తుంది. నీళ్లు ఎడతెగకుండా ఒత్తుతుంటే, విడిపోయిన రేణువులు ఊటతోపాటు కొట్టుకుపోతాయి, కట్టలో బిలాలు పడతాయి. పోరుమామిళ్ల కట్ట ఆరున్నర శతాబ్దాలు దాటింది. దాని కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి.