రాకెట్ కథలు, అతుకుల కథలు: మా అంగట్లో వినే అపోహలు

నెల్లూరులో పాత పుస్తకాల అంగడి నడుపుతున్నాను. ఇల్లు గడిచేది పోటీ పరీక్షల గైడ్లతో. నాకు ఇష్టమైన సరుకు మాత్రం వెనక అరలో ఉంటుంది. ఫిరంగి గుండులో కూర్చుని చంద్రుడి దగ్గరికి బయల్దేరేవాళ్ళు, అంగారకుడి మీద కత్తియుద్ధాలు, ఒక కథలోని మనిషి ఇంకో కథలో దూరి చేసే అల్లరి, అన్నీ అక్కడే. ఆ అర ముందు నిలబడి జనం అనే మాటలకు నా జవాబులు ఇవి.

అపోహ: "ఏందన్నా, ఇవి పిల్లకాయల పుస్తకాలు కదా!"

వాస్తవం: పిల్లకాయల కోసం కుదించి వేసిన ప్రతులే ఎక్కువమంది చూసి ఉంటారు. లెక్కలు, వెటకారం అందులో ఎగిరిపోతాయి. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లో రాసిన చంద్రయాత్ర నవల పూర్తిగా చదివి చూడండి. అమెరికా అంతర్యుద్ధం అయిపోయాక ఈగలు తోలుకుంటున్న ఫిరంగుల క్లబ్బు ఒకటి ఊసుపోక చంద్రుడికే గురిపెడుతుంది. ఆయుధాల పిచ్చి మీద వేసిన ఆ చురక పెద్దవాళ్ళకే తగులుతుంది.

అపోహ: వెర్న్ అపోలో యాత్రను వందేళ్ళ ముందే చెప్పేశాడు.

వాస్తవం: మా ఊళ్ళో మిద్దెక్కితే శ్రీహరికోట రాకెట్ పైకి పోవడం కనిపిస్తుంది. అందుకే ఈ వాదన మా అంగట్లో ఒక పట్టాన తెగదు. ముగ్గురు మనుషులు, ఫ్లోరిడా నుంచి బయల్దేరడం, తిరిగొచ్చి పసిఫిక్ సముద్రంలో పడటం, ఇంతవరకూ కలిసిన మాట నిజమే. కారణాలు మాత్రం వేరు. వెర్న్ ఫిరంగిని నిట్టనిలువుగా పేల్చాలి కాబట్టి చంద్రుడు నడినెత్తికి వచ్చే చోటు కావాలి. భూమధ్యరేఖకు అటూ ఇటూ 28 డిగ్రీల లోపలే అలా వస్తాడని లెక్క చూసి ఫ్లోరిడాను ఎంచుకున్నాడు. నిజం రాకెట్ నిలువుగా లేచినా ఆ తర్వాత తూర్పుకు వాలుతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ భూమి తిరిగే వేగం దానికి ఎక్కువగా కలిసొస్తుంది. ఇంధనం అయిపోయి విడిపోయే రాకెట్ భాగాలు పడటానికి తూర్పున సముద్రం ఉండాలి. సుమారు 13.7 డిగ్రీల దగ్గరున్న శ్రీహరికోటకు ఈ రెండు సౌకర్యాలూ ఉన్నాయి.

ఇక ఆ ఫిరంగి పొడవు 900 అడుగులు. అంత తక్కువ దూరంలో సెకనుకు 11 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే లోపలున్న మనిషి బరువు ఇరవై వేల రెట్లకు పైగా పెరిగినట్టు లెక్క. దెబ్బ తగలకుండా వెర్న్ అడుగున నీళ్ళు పెట్టాడు, పాపం. ఎన్ని నీళ్ళు పెట్టినా ముగ్గురూ పచ్చడే. జోస్యం కోసం చదివితే ఇక్కడే పుస్తకం మూసేయాలి. లెక్కలు వేస్తూనే నమ్మశక్యం కాని పని చేసే వాళ్ళ ఉత్సాహం కోసమైతే చివరిదాకా చదువుతారు.

అపోహ: సైన్స్ తప్పని తేలాక ఆ కథ చెత్తబుట్టకే.

వాస్తవం: ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో అంగారకుడి మీద కాలవలు, రాజ్యాలు, రాజకుమార్తెను పెట్టాడు. 1965 జులైలో అమెరికా వ్యోమనౌక మారినర్ 4 పంపిన ఫొటోల్లో గుంతలు తప్ప ఏమీ లేవు. అయినా ఆ పుస్తకం నా అరలో ఎక్కువ రోజులు నిలవదు.

అపోహ: మ్యాషప్‌లు, అంటే వేరే వాళ్ళ కథల్ని కలిపి అతికినవి, ఈ కాలం కుర్రాళ్ళ పైత్యం. సొంతంగా రాయలేనివాళ్ళ పని.

వాస్తవం: క్రీస్తుశకం రెండో శతాబ్దంలోనే గ్రీకు రచయిత లూషియన్, తాను చెప్పేవన్నీ అబద్ధాలేనని ముందే ఒప్పుకుని, సుడిగాలిలో ఒక ఓడను చంద్రుడి మీదికి ఎగరేశాడు. హోమర్ దగ్గర్నుంచి అప్పటి యాత్రాకథలన్నిటినీ అందులో ఆటపట్టించాడు. 1902లో మెలియెస్ తీసిన చంద్రయాత్ర సినిమా చూడండి. ఫిరంగి వెర్న్‌ది, చంద్రుడి మీది జీవులు ఇంగ్లీషు నవలాకారుడు హెచ్.జి. వెల్స్‌వి.

మన దగ్గర ఇలాంటిదే అష్టావధానంలోని దత్తపది. పృచ్ఛకుడు కారు, బస్సు లాంటి నాలుగు పదాలిచ్చి భారత కథకు అర్థం కుదిరేలా పద్యం చెప్పమంటాడు. అవధాని ఆ కారును తీసుకెళ్ళి కారుచీకట్లో కలిపేస్తాడు. భారతం కంఠతా వస్తేనే అది సాధ్యం. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎర్రన చేసిన పని ఇంకా గట్టిది. నన్నయ అరణ్యపర్వాన్ని శరత్కాలపు రాత్రుల దగ్గర వదిలేస్తే, ఎర్రన శరత్కాలపు ఉదయంతో అందుకుని, నన్నయ పోకడలోనే, నన్నయను పోషించిన రాజరాజు పేరు మీదే నడిపించాడు. అతుకు ఎక్కడుందో చెప్పకపోతే తెలియదు. అది అల్లరి కాదు, నిజమే. అవధానికీ ఎర్రనకూ కావాల్సిన విద్య మాత్రం ఒకటే, పక్కవాడి గొంతు పట్టుకోవడం.

మా అంగడికి వచ్చే డిగ్రీ కుర్రాడొకడు గురజాడ 'కన్యాశుల్కం'లోని గిరీశాన్ని అంగారకుడికి పంపి కథ రాశాడు. మొదట రాసినదాంట్లో గిరీశం స్పేస్‌సూట్ వేసుకుని తిరగడం తప్ప చేసిందేమీ లేదు. "వాణ్ణి అప్పు అడగనీరా" అన్నాను. తిరగరాసినప్పుడు గిరీశం అక్కడి రాజు దగ్గర చుట్టల ఖర్చుకు చేబదులు తీసుకుని, రాజుగారి వితంతు చెల్లెలికి సంఘసంస్కరణ మీద లెక్చర్ మొదలుపెట్టాడు. ఇప్పుడు బాగుంది.

అపోహ: ఇలా రాస్తే కేసులవుతాయి.

వాస్తవం: మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళదాకా కాపీరైట్ ఉంటుంది. వెర్న్ 1905లో, గురజాడ 1915లో, వెల్స్ 1946లో, బరోస్ 1950లో పోయారు. వాళ్ళ పాత్రలతో నిక్షేపంగా ఆడుకోవచ్చు. ఇటీవలి రచయితల జోలికి పోతే కథ స్నేహితులకు చదివి వినిపించండి, అచ్చేసి అమ్మాలనుకుంటే మాత్రం ముందు అనుమతి తీసుకోండి. ఇంకోటి, అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది. వెర్న్ తెలుగు అనువాదంలోంచి పేరాలకు పేరాలు ఎత్తి రాయకండి.