గడియ పెట్టినవా తాతా?

అక్షరకు, చింటుకు తాత దీవెనలు.

ఈ ఉత్తరం ఇద్దరూ కలిసి చదవండి. అక్కకు చాటుగా తమ్ముడికి చెప్పే మాట ఇందులో ఒక్కటీ లేదు.

మొన్న ఫోన్‌లో చింటు అడిగాడు: "తాతా, తలకు వైర్లు పెట్టి కంప్యూటర్ల గేమ్ ఆడిపిస్తే అక్క ఓసీడీ పోతదట, నిజమేనా?" నేను ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కినవాడిని కాబట్టి వైర్ల సంగతి నాకే తెలుస్తుందనుకున్నాడేమో! మీ నాన్నతో కలిసి హైదరాబాద్‌లో అలాంటి సెంటర్‌కు వెళ్లొచ్చాను కూడా. ఆ వైర్ల ఆటను న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు. ఓసీడీ అంటే వద్దన్నా అదే ఆలోచన పదేపదే వచ్చి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు.

ముందు భయం తీసేస్తాను. ఆ వైర్లు తలలోకి కరెంటు పంపవు, లోపల ఉన్నదాన్ని చదువుతాయంతే. మన మెదడులోనూ కరెంటు పుడుతుంది. అది ఎంతనుకున్నారు? ఒక వోల్టును పది లక్షల ముక్కలు చేస్తే, అందులో పది నుంచి వంద ముక్కలు. మీ ఇంటి ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు! ఈ బుల్లి అలలను మనిషి తల మీద మొదటిసారి పట్టింది జర్మనీ డాక్టర్ హాన్స్ బెర్గర్, 1924లో. మరో ఐదేళ్లకు గానీ ఆ సంగతి అచ్చులో రాలేదు.

1960ల్లో అమెరికాలో బ్యారీ స్టర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మెదడులో ఒక రకం అల వచ్చినప్పుడల్లా వాటికి పాలు ఇచ్చాడు. అవి ఆ అలను తెప్పించుకోవడం నేర్చేశాయి. పాల కోసం పిల్లి ఏదైనా నేర్చుకుంటుంది, మన వంటింటి కిటికీని అడగండి. న్యూరోఫీడ్‌బ్యాక్ కథకు అదొక తొలి మెట్టు. ఇప్పుడు పాలకు బదులు తెర మీద కారు. మెదడు కోరిన అల ఇస్తే కారు కదులుతుంది, ఇవ్వకపోతే ఆగుతుంది.

ఓసీడీ తగ్గిస్తుందా మరి? ఆ సెంటర్‌వాళ్లు నలభై సిట్టింగులన్నారు, గ్యారంటీ అన్నారు. గ్యారంటీ అన్న మాట వినగానే నాకు అనుమానం వచ్చింది. మన డాక్టరమ్మను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది: ఓసీడీ మీద జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దిమంది మీద చేసినవి. అసలు వైద్యానికి బదులుగా దీన్ని పెట్టుకోవద్దంది. నాకూ అదే సబబనిపించింది.

అసలు వైద్యం ఏమిటో చెప్పాలంటే మన బోరు దగ్గరికి రావాలి. వెనకట మోటారుకు ఆటో స్టార్టర్ ఉండేది. కరెంటు రాగానే దానంతటదే మొదలయ్యేది. పొలం నిండినా, గట్టు తెగినా దానికి పట్టదు. అక్షర తలలో 'చేతికి మురికి అంటింది' అన్న ఆలోచన అలాంటిదే. అది తను పిలిస్తే వచ్చింది కాదు, తిడితే ఆగదు. చేతులు కడిగితే కాసేపు నెమ్మది, మళ్లీ స్టార్ట్. దసరాకు వచ్చినప్పుడు చూశాను, సబ్బుకు నీ వేళ్ల కణుపులు పగిలి ఎర్రగా ఉన్నాయి బిడ్డా.

డాక్టరమ్మ చేయించేది దీనికి ఎదురు పని. చెప్పు ముట్టుకోవాలి, చేతులు కడుక్కోకూడదు. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట. టెన్షన్ ఎక్కుతుంది, కూర్చుని ఓర్చుకుంటే దానంతటదే దిగుతుంది. లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త 1966లో ఈ దారి చూపించాడు. అవసరమైతే మందులూ ఇస్తారు. 2004లో అమెరికాలో 112 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో ఈ రకం శిక్షణ, మందు రెండూ కలిపి ఇచ్చినవాళ్లకే ఎక్కువ గుణం కనిపించింది.

ఇక నా తప్పు. దసరాకు రోజూ రాత్రి అక్షర అడిగేది: "గడియ పెట్టినవా తాతా?" "పెట్టిన బిడ్డా." మళ్లీ అడిగేది. ఒకరోజు లెక్కపెట్టాను, పదకొండుసార్లు. ప్రతిసారీ లేచి గడియ లాగి చూపించాను, అదే ప్రేమనుకున్నాను. "మీరే ఆ స్టార్టర్‌కు కరెంటు ఇస్తున్నారు" అంది డాక్టరమ్మ. చింటూ, నువ్వు అక్క కోసం కుళాయి తిప్పిపెట్టేదీ అలాంటిదే. ఒక్కసారిగా మానెయ్యకు, డాక్టరమ్మ చెప్పినట్టు కొంచెం కొంచెంగా. ఎగతాళి మాత్రం వద్దు.

ఎప్పుడైనా మరీ కష్టమైతే 14416కు ఫోన్ చెయ్యమని అమ్మకు చెప్పండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ఫోన్ లైను. ప్రభుత్వానిది, డబ్బులు పడవు.

సంక్రాంతికి నాయినమ్మ సకినాలు చుడుతుంది. ఈసారి పిండి చేత్తో తిప్పేది అక్షర. వేళ్ల మధ్య పిండి, నువ్వులు అంటుకుంటాయి. వాయి అయ్యేదాకా కడుక్కునేది లేదు, డాక్టరమ్మను అడిగే రాస్తున్నాను. ఆ రాత్రి గడియ కూడా తనే పెట్టాలి, ఒక్కసారే. నేను మంచం దిగను.

మీ తాత,
నల్లగొండ