కీమో ఎక్కితే ఇమ్యూనిటీ జీరోనా? అండాశయ క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

మా హాస్పిటల్ డే కేర్‌లో మూడు వారాలకోసారి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు ఎక్కించుకోడానికి వచ్చేవాళ్లలో "లోపల ఏం జరుగుతోంది మేడమ్" అని అడిగేవాళ్లు తక్కువే, ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చింది చూపించి "ఇది నిజమేనా" అనేవాళ్లే ఎక్కువ. రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: కీమో పడితే ఇమ్యూనిటీ మొత్తం పోతుంది

ఇమ్యూనిటీ అంటే మిద్దె మీద వాటర్ ట్యాంకు కాదు, నిండింది, ఖాళీ అయింది అనుకోడానికి. అందులో రకరకాల కణాలుంటాయి, ఒక్కోదాని ఆయుష్షు ఒక్కోలా. కీమో గబగబా విడిపోయే కణాల్ని కొడుతుంది, ఎముక మజ్జలో తెల్లకణాలు తయారయ్యేది అలాగే కాబట్టి అక్కడ పని ఆగుద్ది, పైగా న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్ మీదకి ముందుగా వెళ్లే తెల్లకణాలు) రక్తంలో తిరిగేది గంటల లెక్కే, కొత్తవి రాకపోతే కౌంట్ టక్కున పడిపోతుంది. పాక్లిటాక్సెల్ తర్వాత సుమారు 8 నుంచి 11వ రోజు మధ్య బాగా అడుక్కి వెళ్లి, మూడో వారానికి మళ్లీ పైకొస్తాయి. కార్బోప్లాటిన్ మాత్రం ప్లేట్‌లెట్స్‌ని లేటుగా, మూడో వారంలో దించుద్ది. ప్రతి సైకిల్ (అంటే ఒక్కో విడత కీమో) ముందు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క అడిగేది ఇందుకే, రక్తం ఊరికే లాగట్లేదు.

ఆ రోజుల్లో భయపడాల్సింది ఒక్క జ్వరానికే. చీము అంటేనే చచ్చిన తెల్లకణాలు, అవే లేనప్పుడు చీమూ ఉండదు, వాపూ సరిగా రాదు, ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపించేది జ్వరమే. ఒకామె తొమ్మిదో రోజు రాత్రి ఒళ్లు కాలుతుంటే ఊళ్లో సూది వేయించుకుని పడుకుంది, పొద్దున్న బీపీ పడిపోయి వచ్చింది. న్యూట్రోఫిల్స్ 200, దాదాపు లేనట్టే. బతికింది గానీ వారం రోజులు అందర్నీ ఏడిపించింది. 101 ఒక్కసారి చూపించినా, 100.4 గంటసేపు తగ్గకపోయినా పారాసెటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోకండి, అర్ధరాత్రైనా సరే బయల్దేరండి.

అపోహ: బొప్పాయాకు రసం తాగితే కౌంట్ పెరుగుద్ది

పెరుగుద్ది, తాగకపోయినా పెరుగుద్ది! పదో రోజు మొదలెడితే పదిహేనో రోజుకి మజ్జ తనంతట తనే తేరుకుంటుంది, పేరు మాత్రం బొప్పాయికి. చిక్కటి కషాయాలు తాగి లివర్ ఎంజైములు పెరిగి సైకిల్ వాయిదా పడ్డవాళ్లని చూశాను. పప్పు, గుడ్డు, పెరుగన్నం తినండి చాలు.

అపోహ: మొదటిసారి రియాక్షన్ రాలేదు, ఇక రాదు

ఇది మందుని బట్టి. పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదు, అందుకని మన ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకంలో కలిపి ఇస్తారు, మొహం ఎర్రబడ్డం, ఆయాసం లాంటివి చాలావరకు దాని వల్లే, అవీ మొదటి రెండు సైకిళ్లలోనే, డ్రిప్ పెట్టిన మొదటి కొద్ది నిమిషాల్లో. సిస్టర్ మంచం పక్కనే నిలబడేది అందుకే. కార్బోప్లాటిన్ దీనికి రివర్స్. ఆరు సైకిళ్లు హాయిగా నడుస్తాయి, ఏడాదికో రెండేళ్లకో జబ్బు తిరగబెట్టి మళ్లీ మొదలెడితే అప్పుడు ఏడోదో ఎనిమిదోదో డోసులో శరీరం ప్లాటినమ్‌ని గుర్తుపట్టేసి ఎదురు తిరుగుద్ది. ముందు అరచేతులు దురద పెడతాయి. చిన్న దురదే కదా అని ఊరుకోకుండా వెంటనే సిస్టర్‌ని పిలవండి.

సీఏ-125 (ఈ క్యాన్సర్‌లో చూసే రక్తపరీక్ష) గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 35 దాటితే క్యాన్సరే అని కాదు, కడుపులో టీబీ ఉన్నా పెరుగుద్ది. మొదటి సైకిల్ తర్వాత కొంచెం పెరిగి తర్వాత దిగడం కూడా మామూలే. ఒక్క నంబర్ కాదు, వరసగా నాలుగు చూడాలి.

అపోహ: కీమోలో ఒంట్లో రక్షణ కణాలు ఊరికే కూర్చుంటాయి

నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే. కొందరికి ముందు మూడు సైకిళ్లిచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తాం కదా (ఇది "చేయి దాటిపోయింది" అని కాదు), అప్పుడు కీమోకి ముందు గడ్డ నుంచి తీసిన ముక్కనీ తర్వాత తీసిన ముక్కనీ పోల్చి చూడొచ్చు. చాలామందిలో గడ్డ లోపలికి టీ కణాలు (క్యాన్సర్ కణాల్ని చంపగల తెల్లకణాలు) ఎక్కువగా చేరి ఉంటాయి. చచ్చే క్యాన్సర్ కణాలు వదిలే సిగ్నల్స్ వాటిని పిలుస్తాయన్నమాట. అయితే గడ్డ కూడా తక్కువది కాదు, ఆ టీ కణాల్ని ఆపే పీడీ-ఎల్1 అనే బ్రేకు ప్రోటీన్ పెంచుకుంటుంది. "అయితే ఆ బ్రేకు తీసే ఇమ్యూనోథెరపీ ఇచ్చేయండి" అంటారు, ఒంటరిగా ఇచ్చిన ట్రయల్స్‌లో దానికి గడ్డలు తగ్గింది నూటికి పదిమందికి లోపే.

అపోహ: బీఆర్‌సీఏ పాజిటివ్ అంటే మందు పనిచేయదు

సరిగ్గా ఉల్టా. పాజిటివ్ అంటే బీఆర్‌సీఏ అనే జీన్‌లో తప్పు ఉందని. కార్బోప్లాటిన్‌లోని ప్లాటినమ్ డీఎన్‌ఏ పోగుల్ని ముడేస్తుంది, ఆ డ్యామేజీని రిపేర్ చేసే మేస్త్రి బీఆర్‌సీఏ. మేస్త్రే లేని కణం త్వరగా చస్తుంది, కాబట్టి వీళ్లకి సాధారణంగా మందు ఇంకా బాగా పనిచేస్తుంది. తర్వాత ఎప్పుడైనా కొన్ని కణాలు ఆ జీన్‌లో తప్పుని దిద్దేసుకుని మేస్త్రిని వెనక్కి తెచ్చుకుంటాయి, "ఒళ్లు మందుకి అలవాటు పడిపోయింది" అని అందరూ అనేదాంట్లో కొంత ఇదే. అలవాటు పడింది ఒళ్లు కాదు, ఆ కణాలు.

ఈ టెస్టు పేరెత్తగానే "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం మేడమ్, రిపోర్టులో రాయకండి" అంటారు. రాయక తప్పదు. అది పుట్టుకతో వచ్చిన మార్పైతే అక్కచెల్లెళ్లకి, కూతుళ్లకి చూడాల్సిందే. బయట బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్న కొడుకుని కూడా లోపలికి పిలవండి, ఆ మార్పు వచ్చుండే చాన్స్ సగానికి సగం వాడికీ ఉంది.