యాభై దగ్గర నిలబెట్టే పని: దక్షిణాది గ్రిడ్ వెనక కథ

హైదరాబాద్ బస్సు కోసమో, కడప బస్సు కోసమో బెంగళూరు ఆనందరావు సర్కిల్‌లో బ్యాగు పట్టుకుని నిలబడని తెలుగువాళ్లు ఈ ఊళ్లో తక్కువ. నేనూ ఏళ్ల తరబడి నిలబడ్డాను. ఆ పక్కనే రేస్‌కోర్స్ క్రాస్ రోడ్డులో, అదే రాత్రివేళ, కొందరు ఇంజనీర్లు గోడంత తెర మీద ఒక అంకెను చూస్తూ డ్యూటీ చేస్తుంటారని మాత్రం చాలాకాలం తెలియదు. అది దక్షిణ ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్. గ్రిడ్ అంటే పవర్ ప్లాంట్లనూ ఊళ్లనూ కలిపే లైన్ల అల్లిక. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి గ్రిడ్ లెక్కలన్నీ అక్కడికి చేరతాయి. వాళ్లకు సొంత పవర్ ప్లాంటు లేదు, ఒక్క కరెంటు స్తంభం కూడా లేదు. కరెంటు వ్యాపారం చేయకూడదని చట్టమే చెప్పింది. ఎవరు ఎంత తయారు చేస్తున్నారు, ఎవరు ఎంత లాగుతున్నారు, లైన్లు ఆ బరువు మోయగలవా అని చూసుకోవడమే వాళ్ల పని.

వాళ్లు చూసే ఆ అంకె మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ కనిపిస్తుంది. జనరేటర్ ప్యానెల్ మీద చిన్న మీటరు ఉంటుంది. ఒకరోజు చూస్తే 49.98 దగ్గర ఉంది, కాసేపటికి 50.02. మదనపల్లె నుంచి వచ్చిన మా ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, "వోల్టేజ్ అయితే నేను చూసుకుంటా సార్, ఇది మాత్రం మన చేతుల్లో లేదు" అన్నాడు. నిజమే. వోల్టేజ్ వీధికో రకంగా ఉండొచ్చు. ఫ్రీక్వెన్సీ మాత్రం ఇప్పుడు మన సెల్లార్‌లో ఎంతో, కాశ్మీర్‌లోనూ అంతే.

జోడెడ్ల బండి తోలినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. గ్రిడ్‌లో జనరేటర్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎడ్లు. బరువు పెరిగితే అన్నిటి నడకా కలిసే మందగిస్తుంది, బరువు తగ్గితే కలిసే జోరందుకుంటుంది. సరిపోయే బరువు ఉన్నప్పుడు ఆ నడక సెకనుకు 50 ఆవృతాలు, అంటే 50 హెర్ట్జ్. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే అంకె కిందికి జారుతుంది. మరీ జారితే యంత్రాలు పాడవకుండా ప్లాంట్లు వాటంతట అవే కాడి విడిపించుకుంటాయి. అప్పుడు మిగిలిన వాటి మీద బరువు ఇంకా పెరుగుతుంది. గ్రిడ్ కూలడమంటే ఇదే.

ఈ ప్రాంతంలో కరెంటు కథ 1902లో శివనసముద్రంతో మొదలైంది. కావేరి జలపాతం దగ్గర తయారైన కరెంటు సుమారు 147 కిలోమీటర్లు ప్రయాణించి ముందు కోలార్ బంగారు గనులకు వెళ్లింది. గనులకు వెలుగు వచ్చిన మూడేళ్లకు, 1905లో గానీ బెంగళూరు వీధి దీపాలకు కరెంటు రాలేదు. ఆ తర్వాత ఏ రాష్ట్రం బోర్డు ఆ రాష్ట్రానిదే అన్నట్టు సాగింది. 1964లో ప్రాంతీయ విద్యుత్ బోర్డులు ఏర్పడి పక్క రాష్ట్రాలను కలిపే పని మొదలైంది. కర్ణాటక అప్పటికి శరావతి నది మీది జలవిద్యుత్‌ను నమ్ముకుని ఉంది. వానలు ముఖం చాటేసిన ఏడాది కోతలు తప్పేవి కావు. రాయచూరులో మొదటి థర్మల్ యూనిట్ వచ్చేసరికి 1985 అయింది.

అసలు సమస్య 1990ల్లో ముదిరింది. తూర్పున ఒడిశా, బెంగాల్ వైపు కరెంటు మిగిలిపోయి ఫ్రీక్వెన్సీ 51 దాటిన రోజులుండేవి. అదే సమయంలో దక్షిణాన 48 దగ్గర ఈడ్చుకొచ్చేవారు. ఒకరింట్లో అన్నం పారబోస్తుంటే పక్కింట్లో పస్తులన్నమాట. కేంద్ర ప్లాంట్ల నుంచి రాష్ట్రాలు తమ వాటాకు మించి లాగేసినా గట్టిగా అడిగే దారి లేదు. ఎప్పుడు లాగినా దాదాపు అదే రేటు. వాటా మించొద్దని లోడ్ డిస్పాచ్ సెంటర్ ఫోన్లు చేసేది, అవతల సరే అనేవారు, లాగేవాళ్లు లాగుతూనే ఉండేవారు.

దీనికి దొరికిన మందు పోలీసింగ్ కాదు, ధర. నాకైతే ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్, పొట్టిగా ఏబీటీ. దీన్ని పట్టుబట్టి నడిపించినవాళ్లలో కేంద్ర ప్రభుత్వ లైన్ల సంస్థ పవర్ గ్రిడ్‌లో ఇంజనీరు భాను భూషణ్ పేరు ముందు చెప్పాలి. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేశారు. ఏ ముక్కలో ఎంత తీసుకుంటారో ముందురోజే రాసుకోవాలి. ప్లాంటులో వాటా ఉన్నందుకు ఒక స్థిర చార్జీ, రాసుకున్న యూనిట్లకు ఇంధనం ఖర్చు, ఇక రాసుకున్న దానికి తేడా వస్తే మూడో లెక్క. ఆ మూడో రేటును ఫ్రీక్వెన్సీకి ముడిపెట్టడంలోనే ఉంది తెలివంతా. మొదట్లో 50.5 దగ్గర ఆ రేటు సున్నా. అంకె 49కి పడిపోతే యూనిట్‌కు 4 రూపాయల 20 పైసలు. గ్రిడ్ నీరసంగా ఉన్నప్పుడు ఎక్కువ లాగితే బిల్లు వాస్తుంది, అదే సమయంలో తక్కువ లాగితే డబ్బు వస్తుంది. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరి మీటరు వాళ్లు చూసుకుంటే చాలు.

దక్షిణాదిలో ఇది 2003 జనవరి 1న మొదలైంది. ఏళ్ల తరబడి ఫోన్లకు లొంగని అంకె రోజుల్లోనే దారికొచ్చింది. అప్పట్లో 49 నుంచి 50.5 దాకా ఎక్కడున్నా సరే అనుకునేవారు. ఆ పట్టీని కుదిస్తూ కుదిస్తూ 2014కు 49.90 నుంచి 50.05కు తెచ్చారు. లెక్కల పద్ధతి, దాని పేరు తర్వాత మారాయి గానీ 96 ముక్కలు అలాగే ఉన్నాయి.

ఇంత జరిగినా అప్పటికి దక్షిణాది వేరే కాడే. మిగతా దేశమంతా ఒక గ్రిడ్, మనది ఇంకొకటి. మధ్యలో ఉన్నవి డీసీ లింకులు. మహారాష్ట్రలో భద్రావతి, విశాఖలో గాజువాక, అన్నిటికన్నా పెద్దది తాల్చేర్-కోలార్ లైను. ఒడిశా బొగ్గు కరెంటును 2003 నుంచి, మొదట 2000, తర్వాత 2500 మెగావాట్ల దాకా ఇక్కడికి చేరవేస్తున్నది అదే. వందేళ్ల కిందట కరెంటు వెళ్లి దిగిన కోలారే, ఇప్పుడు బెంగళూరుకు కరెంటు వచ్చి దిగే రేవు అయింది. డీసీ లైను సరుకు మాత్రమే దాటిస్తుంది, రెండు వైపుల ఎడ్లనూ ఒకే కాడికి కట్టదు.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. రెండు రోజులూ బీనా-గ్వాలియర్ లైను ట్రిప్ అవడంతోనే మొదలైంది. రెండో రోజు తూర్పు, ఈశాన్యం కూడా పడిపోయాయి. దాదాపు 62 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. బెంగళూరులో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఆ రోజు మాట ఒకటే: మనం వాళ్లతో కలవకపోవడమే మంచిదైంది. నేనూ తలూపాను. ఇప్పుడైతే ఊపను.

ఎందుకంటే విడిగా ఉన్నందుకు మనం రోజూ డబ్బు కట్టాం. 2008లో పవర్ ఎక్స్చేంజ్ మొదలయ్యాక దేశమంతా ఒకే సంతలో కరెంటు కొనొచ్చన్నారు. కానీ సంతకు వెళ్లే దారి ఇరుకు. లైన్లు చాలక దక్షిణాదికి వేరే ధర తేలేది, వేసవిలో అది మిగతా దేశం కంటే బాగా ఎక్కువ ఉండేది. తమిళనాడు, కేరళకు ఇంకా ఎక్కువ. అటువైపు చవకగా ఉన్నదాన్ని చూస్తూ ఇటువైపు ప్రియంగా కొనుక్కున్నాం. ఆ ప్రియం చివరికి తేలేది ఇంటి బిల్లులోనే. ఈమధ్య బెంగళూరు పంపిణీ కంపెనీ బెస్కాం బిల్లులో ఎఫ్‌పీపీసీఏ అని ఒక గీత వస్తోంది కదా, ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చులో తేడాను సర్దేది అదే.

2013 డిసెంబర్ 31 రాత్రి రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో రెండు గ్రిడ్లనూ ఒకే కాడికి కట్టారు. రెండు వైపుల ఫ్రీక్వెన్సీ కలిసే క్షణం కోసం కాచుకుని స్విచ్ వేయాలి. కలవకుండా వేస్తే లైను నిలవదు. ఆ తర్వాత అంగుల్-శ్రీకాకుళం-వేమగిరి, వార్ధా-నిజామాబాద్ లైన్లు వచ్చాక దారి వెడల్పైంది.

దీని విలువ 2023 కరువులో కళ్లకు కట్టింది. రిజర్వాయర్లు నిండలేదు, పంపుసెట్లు ఆగలేదు. కర్ణాటక ప్రభుత్వం అక్టోబర్‌లో విద్యుత్ చట్టం సెక్షన్ 11 ప్రయోగించి ఇక్కడి ప్లాంట్లు బయటికి అమ్మకూడదంది. ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో చేబదులు కుదుర్చుకుంది: చలికాలం మీరివ్వండి, వానాకాలం మేం తిరిగిస్తాం. మరుసటి వేసవిలో రాష్ట్రం డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. ఆ చేబదులు కరెంటంతా పాత ఇరుకు దారిలో పట్టేది కాదు.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. గాలివానకు చెట్టు కూలి మన వీధిలో కరెంటు పోతే దానికీ గ్రిడ్‌కూ సంబంధం లేదు. అది పంపిణీ కంపెనీ లైను సంగతి. గ్రిడ్ బాగా నడిచిన రోజున దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

ఇప్పుడు బరువు వేరే వైపు నుంచి వస్తోంది. తుమకూరు జిల్లా పావగడలో, అనంతపురానికి ఆనుకుని, ఇళ్లలో తెలుగే మాట్లాడే ఊళ్ల పొలాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. వానల్లేక బీడు పడిన 13 వేల ఎకరాలను రైతులు అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలుకిచ్చారు. మధ్యాహ్నం ఆ కరెంటు పొంగిపొర్లుతుంది. థర్మల్ ప్లాంట్లను తగ్గించుకోమని చెప్పాల్సి వస్తుంది, అవేమో చెప్పగానే తగ్గవు. సాయంత్రం ఆరున్నరకు పావగడ నుంచి వచ్చేది సున్నా. సరిగ్గా అప్పుడే బెంగళూరు ఇళ్లకు చేరి లైట్లు, ఏసీలు వేస్తుంది. ఆ సాయంత్రపు వేళను శరావతి నీళ్లతో, ఎక్స్చేంజ్‌లో కొన్నదానితో నెట్టుకొస్తున్నారు. పగటి చవక కరెంటుతో నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలేలా శరావతి లోయలో 2000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టాలని ప్రభుత్వం అంటోంది. ఆ లోయ సింగళీకాల, అంటే సింహపు తోక కోతుల, అభయారణ్యం. అడవి పోతుందని శివమొగ్గ, ఉత్తర కన్నడ జనం అడ్డుపడుతున్నారు.