దేవదూత ముఖాన పచ్చ చారలు

"కంచు విగ్రహానికి పట్టిన పచ్చదనమే ఒక అందం కదా, పనిగట్టుకుని దాన్ని వదిలించడమెందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని బెథెస్డా ఫౌంటెన్ పాత, కొత్త ఫొటోలు పక్కపక్కన చూశారట. ఆ పచ్చదనం ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు. విగ్రహంలోని రాగే అలా బయటికి పోతోంది.

1832లో కలరా ఆ ఊరిని ఊడ్చేసింది. 1842లో క్రోటన్ కాలువ మంచినీళ్లు తెచ్చింది. ఆ నీళ్లకు గుర్తుగా శిల్పి ఎమ్మా స్టెబిన్స్ మలిచిన కంచు దేవదూత 1873లో ఈ ఫౌంటెన్ మీద కొలువుతీరింది. చరిత్ర ఇక్కడికి చాలు, నా ధ్యాసంతా రాగి మీదే.

బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తడి తగిలి, ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. అది రాగిని తిని బ్రోకాంటైట్ అనే పచ్చటి క్షార సల్ఫేట్‌ను పుట్టిస్తుంది. ఆమ్లం ఇంకా ఘాటైతే ఆంట్లరైట్ అనే మరో రాగి సల్ఫేట్ వస్తుంది. వాన పడినప్పుడల్లా ఈ లవణాలు కొంత కరిగి కారిపోతాయి. కింద కొత్త రాగి బయటపడుతుంది, మళ్లీ మొదలు. నీరు జారే దారుల్లో పచ్చ చారలు, వాన తగలని మడతల్లో నల్లటి మసి. శిల్పి మలిచిన ముఖం ఒకటి, వాన గీసిన ముఖం ఇంకొకటి. చార కంటి కింద పడిందా, విగ్రహం ఏడ్చిందన్న కథ పుట్టడానికి ఎంతోసేపు పట్టదు! బళ్లో తుప్పంటే ఇనుమే చెప్తారు, రాగికి పట్టే ఈ పచ్చ చిలుమును ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకెప్పుడూ అదో లోటే.

చింతపండేసి తోమితే పోదా? పోతుంది. పులుపు చిలుమును కరిగించేస్తుంది, దాంతోపాటు పోయిన రాగి మాత్రం తిరిగిరాదు. చెంబుకైతే ఫరవాలేదు. దేవదూత కనురెప్ప మీది సన్నగీత అలా నాలుగుసార్లు తోమితే మిగలదు.

దశాబ్దాల తరబడి ఎండిపోయి ఉన్న ఆ ఫౌంటెన్‌ను 1980-81లో ఆ పార్కు బాగోగులు చూసే సంస్థ సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ బాగుచేయించింది. కంచును శుభ్రం చేసి, రసాయనాలతో రంగు తెప్పించి, రక్షణ పూత వేశారు. అప్పటినుంచి ఏటా కడిగి మైనం పూస్తారు. ఎండావానలు కంచు జోలికి రాకముందు మైనాన్ని తింటాయి. అది అరిగిపోవడానికే ఉంది, అందుకే ఏటా మళ్లీ పూయాలి.

మరి లిబర్టీ విగ్రహం సంగతి? 1986లో ముగిసిన మరమ్మతులో దాని పచ్చదనాన్ని అలాగే ఉంచేశారు. అది సుమారు 2.4 మిల్లీమీటర్ల మందమున్న రాగి రేకు. అక్కడ పొర చాలావరకు సమంగా, గట్టిగా అంటుకుని లోపలి రాగిని కాస్తోంది. దాన్ని గీకితే ఆ కాపలా పోతుంది.